చాబీ నిజంగా దగ్గరే ఉందా?

పాత ట్రాక్టర్లలో ఒకదాని చాబీ ఇంకోదానికి పట్టడం బోధన్ చుట్టుపక్కల ఎవరికీ వింత కాదు. ఇనప చాబీకి ఉండే గాట్లు కొన్నే, వాటి రకాలూ కొన్నే. తాళం అరిగేకొద్దీ ఏ చాబీకైనా సరేనంటుంది. శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీకి చెరకు తోలిన ట్రాక్టర్లు ఆ తాళాలతోనే బతికాయి. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. ఇళ్ల ముందు కార్లూ పెరిగాయి. కొత్తగా వస్తున్నవాటిలో చాలావాటికి స్టీరింగ్ పక్కన చాబీ దూర్చే రంధ్రమే లేదు. చాబీ జేబులో ఉంటుంది, చెయ్యి తలుపు పిడి మీద పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే ఇంజన్ అందుకుంటుంది.

సుఖంగానే ఉంది. అయితే తాళం తేల్చుకోవాల్సిన సంగతులు ఇప్పుడు రెండయ్యాయి. వచ్చింది అసలు చాబీయేనా అన్నది ఒకటి. అది నిజంగా తలుపు దగ్గరే ఉందా అన్నది రెండోది. ఇనప చాబీకి రెండో చిక్కే లేదు, దూరం నుంచి దాన్ని ఎవరూ తిప్పలేరు కాబట్టి. మొదటి ప్రశ్నకు ఇంజనీర్లు గట్టి జవాబే కనిపెట్టారు. రెండోదాన్ని చాలాకాలం ప్రశ్నగానే ఎంచలేదు. చాబీ లేకుండా కార్లు మాయమయ్యే ఈ కాలపు దొంగతనాల్లో పెద్ద భాగం ఆ ఏమరుపాటు నుంచి పుట్టిందే.

రిమోట్ అని మనం పిలిచే ఆ ప్లాస్టిక్ బిళ్లలో నిజానికి మూడు వేర్వేరు పరికరాలు ఉంటాయి. మూడూ మూడు రకాలుగా కారుతో మాట్లాడతాయి. ఏది ఎక్కడ బలహీనమో తెలియాలంటే వాటిని విడదీసి చూడాలి.

మొదటిది ఇమ్మొబిలైజర్ చిప్. దీనికి బ్యాటరీ సెల్‌తో పని లేదు. స్టీరింగ్ తాళం చుట్టూనో, స్టార్ట్ బటన్ వెనకో రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు సుమారు లక్షా పాతిక వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. చాబీలోని చిన్న చుట్ట ఆ క్షేత్రం నుంచే కరెంటు గుంజుకుని చిప్‌ను మేల్కొలుపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో జరిగేదీ ఇదే. అప్పుడు కారు ఏదో ఒక సంఖ్యను విసురుతుంది, ప్రతిసారీ కొత్తది. చిప్ తన కడుపులోని రహస్య సంఖ్యతో దాన్ని కలిపి లెక్క కట్టి ఫలితం పంపుతుంది. కారు కూడా అదే లెక్క వేసుకుని చూస్తుంది. రెండు ఫలితాలూ కలిస్తేనే ఇంజన్‌కు ఇంధనం అందుతుంది. రహస్య సంఖ్య మాత్రం ఒక్కసారి కూడా గాలిలోకి రాదు. రిమోట్ సెల్ పూర్తిగా అయిపోయిన రోజున కూడా దాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే బండి స్టార్ట్ కావడం ఈ చిప్ పుణ్యమే.

ఈ చిన్న చిప్ విలువ తెలియాలంటే అది లేని చోట ఏమైందో చూడాలి. జర్మనీలో, బ్రిటన్‌లో 1998 నుంచి, కెనడాలో 2007 నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అమెరికాలో అలాంటి చట్టం లేదు. 2015 మోడళ్లు చూస్తే అక్కడ మిగతా కంపెనీల కార్లలో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ ఉండగా, హ్యుండాయ్, కియా కార్లలో 26 శాతానికే ఉంది. స్టీరింగ్ పక్కన ప్లాస్టిక్ మూత ఊడదీసి, ఫోన్ చార్జర్ తీగ కొసతో తాళాన్ని తిప్పి బండి తోలుకుపోయే వీడియోలు 2022లో అక్కడి కుర్రకారు ఫోన్లన్నిటికీ పాకాయి. చివరికి కంపెనీలే పోలీసుల ద్వారా స్టీరింగ్‌కు బిగించే ఇనప కర్రలను ఉచితంగా పంచాల్సి వచ్చింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మీ అబ్బాయి ఆ ఏళ్ల కియా నడుపుతుంటే ఈ గొడవ అతనికి తెలిసే ఉంటుంది. సరిహద్దు దాటి కెనడాలోకి పోతే అవే కార్లకు ఆ బెడద లేదు. తేడా అంతా ఆ చిప్‌దే.

చిప్ ఉన్నంత మాత్రాన సరిపోదు, అందులోని లెక్క కూడా గట్టిదై ఉండాలి. ఒకప్పుడు ఎన్నో కార్లలో వాడిన ఒక చిప్ రహస్య సంఖ్య 40 బిట్లే. అంటే లక్ష కోట్లకు కాస్త పైచిలుకు అవకాశాలు. మనకు పెద్ద సంఖ్యే, కంప్యూటర్లకు కాదు. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ప్రయోగశాల పరిశోధకులు దాన్ని ఛేదించి చూపించారు. పదమూడేళ్లు గడిచాక, 2018లో, బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు టెస్లా మోడల్ ఎస్ రిమోట్‌లో అదే పాత లెక్కను కనిపెట్టి సెకన్లలో నకలు తీశారు. అంత ఖరీదైన కారుకు అంత పాత తాళం! ఇప్పుడు మంచి కంపెనీలు 128 బిట్ల లెక్కకు మారాయి. దాన్ని అవకాశాలన్నీ వరసగా ప్రయత్నించి విప్పడం మానవ మాత్రులకు సాధ్యం కాదు.

రెండోది బటన్ నొక్కితే పనిచేసే రిమోట్. 1982లో రెనో ఫ్యూగో కారుతో ఇది జనంలోకి వచ్చింది. మన కార్లలో ఇది సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతుంది. నిజామాబాద్ ఆకాశవాణి ఎఫ్ఎం వినిపించే 103.2కు నాలుగింతల పైన అన్నమాట. తొలినాళ్ల రిమోట్లు ప్రతిసారీ ఒకే కోడ్ పంపేవి. ఒకసారి రికార్డు చేసుకున్నవాడు మర్నాడు అదే వినిపించి తలుపు తీసుకునేవాడు. దానికి విరుగుడుగా వచ్చిందే రోలింగ్ కోడ్. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరకు టోకెన్ ఎలా చెల్లుతుందో ఇదీ అలాగే. చెల్లిపోయిన నంబరు మళ్లీ తెస్తే గుమాస్తా లోపలికి పోనివ్వడు, వరసలో తర్వాతిదే కావాలి. కాకపోతే ఇక్కడ నంబర్లను గుప్తలిపిలో పంపుతారు కాబట్టి, ఈరోజు నంబరు విన్నవాడికి రేపటిది ఏమిటో అంతుచిక్కదు. 1980లలో దక్షిణాఫ్రికాలో పుట్టి, 1995లో అమెరికాకు చెందిన మైక్రోచిప్ కంపెనీ కొనుక్కున్న కీలాక్ అనే పద్ధతి ఇలాంటిదే. అందులో లెక్కింపు 65,536 దాకా పోయి మళ్లీ మొదటికి వస్తుంది.

పిల్లవాడు సోఫాలో కూర్చుని రిమోట్ బటన్లు పదే పదే నొక్కాడనుకోండి. రిమోట్ లెక్క ముందుకు పోతుంది, కారు లెక్క అక్కడే ఉంటుంది. అందుకే కారు తర్వాతి ఒక్క నంబరుకే కాక, ఆపై వచ్చే కొన్నింటికి కూడా ఒప్పుకుంటుంది. కీలాక్‌లో సాధారణంగా 16. అంతకు మించి తప్పిపోతే వరసగా రెండుసార్లు నొక్కాక లెక్క సరిచేసుకుంటుంది. ఈ సర్దుబాటు గుణాన్నే కొందరు ఆయుధం చేసుకున్నారు. 2015లో సామీ కామ్‌కార్ అనే అమెరికన్ పరిశోధకుడు ముప్పై డాలర్లకు అటూ ఇటూ ఖర్చయ్యే పెట్టె ఒకటి చూపించాడు. మీరు బటన్ నొక్కగానే అది కారుకు వినబడకుండా రొద చేసి, కోడ్‌ను తాను దాచుకుంటుంది. మీరు మళ్లీ నొక్కుతారు. రెండోదాన్ని కూడా దాచుకుని మొదటిదాన్ని కారుకు వదులుతుంది. తలుపు తెరుచుకుంది కదా అని మీకు అనుమానమే రాదు. పెట్టె పెట్టినవాడి దగ్గర మాత్రం ఇంకా వాడని కోడ్ ఒకటి మిగిలింది. 2022లో కొన్ని హోండా కార్ల లోపమూ ఇక్కడే బయటపడింది. పాత కోడ్‌లను వరసగా వినిపిస్తే ఆ కార్లు తమ లెక్కను వెనక్కి తిప్పుకున్నాయి.

ఇవి నేర్పుగలవాళ్ల పనులు. మన వీధుల్లో అంతకంటే నాటు పద్ధతికే అవకాశం ఎక్కువ. మీరు తాళం బటన్ నొక్కే క్షణాన జామర్‌తో రొద చేస్తే చాలు, తలుపులకు తాళం పడదు. మీరు వెనక్కి చూడకుండా కూరగాయల మార్కెట్లోకి పోతారు. మన దేశంలో జామర్లు ప్రైవేటు వ్యక్తులు కొనడం, అమ్మడం, వాడటం నిషిద్ధమని టెలికాం శాఖ 2022 జులైలో మరోసారి హెచ్చరించింది. చట్టం దొంగకు అడ్డం కాదు కాబట్టి, ఇండికేటర్లు మెరిశాయో లేదో చూసి, పిడి ఒకసారి గుంజి చూడటం మన వంతు. ఇంత చిన్న జాగ్రత్తతో ఇంత పెద్ద మోసం ఆగిపోవడం ఈ రంగంలో అరుదు.

జేబులోంచి తీయని చాబీ

మూడోది స్మార్ట్ కీ. 1998లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో ఐరోపాలో పేరుకెక్కింది, ఇప్పుడు మధ్యతరగతి కార్లలోకి కూడా దిగివచ్చింది. దీనిలో మాట మొదలుపెట్టేది చాబీ కాదు, కారు. పిడి మీద చెయ్యి పడగానే తలుపుల్లో, డ్యాష్‌బోర్డులో, డిక్కీలో దాచిన యాంటెన్నాలు సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర "ఎవరక్కడ?" అని పిలుస్తాయి. చాబీ మేల్కొని, లెక్క కట్టి, 433 మెగాహెర్ట్జ్‌లో జవాబు చెబుతుంది. పిలుపు ఒక దారి, జవాబు ఇంకో దారి. ఎందుకలా?

ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తే జిల్లాలు దాటి వినబడుతుంది. కారు పిలుపు పౌనఃపున్యం అందులో ఆరో వంతు, అయినా రెండు మీటర్లు దాటదు. కారణం శక్తి తక్కువ కావడం ఒక్కటే కాదు. 125 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 2,400 మీటర్లు. కారులోని యాంటెన్నా వేలెడంత. ఇంత చిన్న చుట్ట అంత పెద్ద తరంగాన్ని గాలిలోకి తోయలేదు. దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం మాత్రం అల్లుకుని ఉంటుంది. ఆ క్షేత్రం దూరం ఘనానికి తగ్గట్టు పడిపోతుంది. దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతు, మూడింతలైతే ఇరవై ఏడో వంతు. ఈ గుణాన్ని నమ్ముకునే ఇంజనీర్లు దాన్ని ఎంచుకున్నారు. చాబీ లోపల ఉందో బయట ఉందో కూడా ఈ బలాన్ని కొలిచే కారు తెలుసుకుంటుంది. పిలుపు వినబడిందంటే చాబీ దగ్గరున్నట్టే అన్నది వాళ్ల లెక్క. చూడటానికి తప్పు లేని లెక్క.

దీనితో రోజూ ఎదురయ్యే ఇబ్బంది దొంగల వల్ల కాదు, సంసారం వల్ల. భర్త డ్రైవింగు, చాబీ భార్య హ్యాండ్‌బ్యాగులో. ఖలీల్‌వాడిలో ఆమెను దవాఖాన ముందు దింపి ఆయన బోధన్ దారి పడతాడు. కారు ఒకసారి కూతపెట్టి డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక చూపుతుంది, కానీ ఇంజన్ ఆపదు. నడిరోడ్డు మీద, వేగంలో, ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోవడం దొంగతనం కంటే పెద్ద ప్రమాదం కనుక కావాలనే అలా చేశారు. ఎడపల్లిలో టీకి ఆపి ఇంజన్ కట్టేస్తే మాత్రం మళ్లీ స్టార్ట్ కాదు. ఆమె బస్సెక్కి చాబీ తెచ్చేదాకా టీ తాగుతూ కూర్చోవాల్సిందే.

ఇక దొంగల సంగతి. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది కార్లను పరీక్షించారు. పదీ లొంగిపోయాయి. వాళ్లు ఏ గుప్తలిపినీ ఛేదించలేదు. చేసిందల్లా పిలుపును మోసుకుపోవడం. ఒకడు పెట్టె పట్టుకుని కారు పక్కన నిలబడి పిడి తాకుతాడు. కారు పిలుస్తుంది. ఆ పిలుపును పెట్టె పట్టుకుని, వేరే రేడియో మీదుగా రెండోవాడికి పంపుతుంది. రెండోవాడు ఇంటి గోడ పక్కనో, హోటల్లో మీ బల్ల వెనకో పెద్ద చుట్ట పట్టుకుని ఉంటాడు. అక్కడ పిలుపు మళ్లీ పుడుతుంది. మీ జేబులోని చాబీ కారు పక్కనే ఉందనుకుని నిజాయితీగా లెక్క కట్టి జవాబు చెబుతుంది. ఆ జవాబు 433 మెగాహెర్ట్జ్‌లో పదుల మీటర్లు దానంతటదే పోతుంది కాబట్టి, దాన్ని మోసే శ్రమ కూడా చాలాసార్లు ఉండదు. అడిగింది అసలు కారే, చెప్పింది అసలు చాబీయే, జవాబూ సరైనదే. రహస్య సంఖ్య 40 బిట్లున్నా 128 బిట్లున్నా ఈ మోసానికి తేడా లేదు.

మన ఇళ్లకు దీన్ని అన్వయించి చూడండి. నిజామాబాద్ కాలనీల్లో కారు గేటు ముందు ఆగుతుంది. గేటు నుంచి వీధి తలుపుకు నాలుగడుగులు. తలుపు పక్కనే మేకు, మేకుకు చాబీలు. ఇటుక గోడ ఈ తక్కువ పౌనఃపున్యపు క్షేత్రాన్ని దాదాపు ఆపదు. జర్మనీ మోటారు క్లబ్బు ఏడీఏసీ ఏళ్ల తరబడి వందలాది మోడళ్లను ఇదే పద్ధతిలో పరీక్షిస్తోంది. వాటిలో అత్యధికం తెరుచుకుని, స్టార్ట్ అయి, నడిచిపోయాయి.

మరి కారు గడియారం చూసుకోలేదా? పిలుపు తిరుగుదారి పట్టిందంటే జవాబు ఆలస్యం కావాలి కదా. ఆలస్యమవుతుంది, కానీ ఎంత? చాబీ నిజామాబాద్‌లో, కారు బోధన్‌లో ఉన్నాయనుకుందాం. మధ్య సుమారు 25 కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. రానూ పోనూ 50 కిలోమీటర్లకు పట్టే సమయం సెకనులో ఆరు వేలవ వంతు. జ్యూరిక్ వాళ్లు పరీక్షించిన కార్లలో కొన్ని ఇంతకు ఎన్నో రెట్ల ఆలస్యాన్ని, మిల్లీసెకన్లను, మారు మాట్లాడకుండా సహించాయి. పెట్టెలు దొరకాలే గానీ బోధన్‌లోని కారును నిజామాబాద్‌లోని చాబీతో తెరవడానికి ఆ గడియారాలు అడ్డు చెప్పవు. తప్పు పూర్తిగా వాటిది కూడా కాదు. చాబీలోని చిప్ లెక్క కట్టడానికే కొన్ని మిల్లీసెకన్లు తీసుకుంటుంది, అదీ ఒక్కోసారి ఒక్కోలా. ఆ నసలో తరంగం చేసిన ప్రయాణ సమయం కలిసిపోతుంది.

అసలు చికిత్స ఇక్కడే ఉంది. క్షేత్రం బలం కాదు, కాలం కొలవాలి. కాంతి ఒక నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. రెండు మీటర్లలోపే ఉందని ఖాయం చేసుకోవాలంటే నానోసెకన్లు కొలవగల గడియారం కావాలి, అతి పొట్టి రేడియో స్పందనలు కావాలి. అల్ట్రా వైడ్‌బ్యాండ్ పద్ధతి ఇదే. దొంగ పెట్టె సిగ్నల్‌ను ఎంత పెంచినా కాంతి కంటే వేగంగా పంపలేడు. దూరం పెరిగితే కాలం పెరిగి తీరుతుంది. దీనికి 2020లో ప్రమాణం తయారైంది. 2021లో కార్ల, ఫోన్ల కంపెనీలు కలిసి ఫోన్‌నే చాబీగా వాడే డిజిటల్ కీ పద్ధతిలో దీన్ని చేర్చాయి. బ్లూటూత్ ఒక్కదాన్నే నమ్ముకున్న ఫోన్ చాబీకి ఈ భద్రత లేదు. 2022లో ఎన్‌సీసీ గ్రూప్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు టెస్లా మోడల్ 3 మీద పిలుపును మోసుకుపోయే ఆ పాత మోసాన్నే జరిపించి చూపారు. అల్ట్రా వైడ్‌బ్యాండ్‌ను కూడా అదే ఏడాది వేరే పరిశోధకులు ప్రయోగశాలలో నూటికి నాలుగు సార్ల దాకా బోల్తా కొట్టించారు. అయినా ఉన్నవాటిలో ఇదే మెరుగు.

ఖరీదు తక్కువ ఉపాయం ఇంకొకటుంది. చాబీలో కదలికను గుర్తించే చిన్న సెన్సర్ పెడతారు. బల్ల మీద కొన్ని నిమిషాలు కదలకుండా ఉంటే చాబీ నిద్రపోతుంది, ఎవరు పిలిచినా పలకదు. రాత్రి దొంగతనాలకు ఇది చక్కటి అడ్డు. హోటల్లో మీ జేబులో ఉన్నప్పుడు మాత్రం పనికిరాదు.

చాబీని డబ్బాలో పెట్టమనే సలహా చాలామంది వినే ఉంటారు. ఏ డబ్బా అన్నది ఎవరూ చెప్పరు. వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాల్లో చాలావాటికి అయస్కాంతం అంటుకోదు. అలాంటి పలచటి స్టీలు 125 కిలోహెర్ట్జ్ క్షేత్రాన్ని కొంతే తగ్గిస్తుంది. బిస్కెట్ల రేకు డబ్బా లాంటిది, అయస్కాంతం గట్టిగా పట్టేది, మూత బిగువుగా ఉన్నది మేలు. ఏదైనా సరే, చాబీని అందులో పెట్టి కారు దగ్గరకు పోయి పిడి పట్టి గుంజండి. తలుపు తెరుచుకుంటే ఆ డబ్బా బిస్కెట్లకే పనికొస్తుంది.

అన్ని దొంగతనాలూ గాలిలోనే జరగవు. ఢిల్లీ పోలీసులకు చిక్కిన ముఠాల్లో కొన్ని అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద మెకానిక్ స్కానర్ పెట్టే సాకెట్‌కు పరికరం తగిలించి, ఖాళీ చాబీని కారు చేత "మనవాడే" అనిపించుకున్నవి. 2023లో బ్రిటన్‌లో బయటపడ్డ పద్ధతి ఇంకా మొండిది. హెడ్‌లైట్ వెనక తీగల్లోంచి కారు లోపలి నెట్‌వర్కులోకి చొరబడి, చాబీ సరిపోయిందనే సందేశాన్ని నేరుగా లోపల వినిపించడం. ఇలాంటివాటికి స్టీరింగ్‌కు బిగించే ఇనప కర్ర ఇప్పటికీ మంచి మందు. దాన్ని కోయడానికి చప్పుడవుతుంది, దొంగకు గిట్టనిది అదే.

ఎవరూ లేకుండా నడిచే ఇంజన్

మే నెలలో నిజామాబాద్ ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. మధ్యాహ్నం కలెక్టరేట్ బయట ఆగిన కారు లోపల 60 దాటడం మామూలే. ఎక్కకముందే దూరం నుంచి ఇంజన్‌ను, ఏసీని నడిపించే రిమోట్ స్టార్ట్‌కు మన దగ్గర గిరాకీ రావడానికి ఈ ఎండే కారణం. చలిదేశాల్లో అదే వస్తువును మంచు కరిగించడానికి కొంటారు. 2019లో హ్యుండాయ్ వెన్యూ, అదే ఏడాది ఆగస్టులో పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కియా సెల్టాస్ ఈ సౌకర్యాన్ని కొన్ని మోడళ్లలో మామూలు కుటుంబాల దాకా తెచ్చాయి.

కంపెనీ బిగించిన రిమోట్ స్టార్ట్ జాగ్రత్తగానే నడుస్తుంది. తలుపులు పడ్డాయా, బానెట్ మూసి ఉందా, గేరు పార్కింగులో ఉందా, బ్రేకు ఎవరైనా తొక్కుతున్నారా అని ముందు చూసుకుంటుంది. ఏది తేడా ఉన్నా స్టార్ట్ కాదు. స్టార్ట్ అయ్యాక తలుపుల తాళం అలాగే ఉంటుంది. కొన్ని నిమిషాల గడువు దాటితే తనంతట ఆగిపోతుంది. అద్దం పగలగొట్టి ఎవడైనా ఎక్కినా, లోపల చాబీ కనబడనిదే గేరు వేయనివ్వదు. ఇంజన్ నడవడం వేరు, బండి కదలడం వేరు. ఈ రెండింటినీ విడదీయడమే ఈ ఏర్పాటులో అసలు తెలివి.

బయట బిగించే కిట్లలో ఆ తెలివి తరచుగా గల్లంతవుతుంది. ఇమ్మొబిలైజర్ చిప్ కనబడకపోతే ఇంజన్ స్టార్ట్ కాదు కదా, మరి చాబీ మీ జేబులో ఉండగా స్టార్ట్ చేయడం ఎలా? చవక మార్గం ఒకటే. మీ రెండో చాబీ అడిగి, అందులోని చిప్ తీసి, డ్యాష్‌బోర్డు కింద తీగ చుట్టి శాశ్వతంగా అతికించేస్తారు. అంటే కంపెనీ కట్టిన తాళాన్ని మీరే డబ్బిచ్చి విప్పించుకున్నట్టు. ఆ పైన మాన్యువల్ గేరు బండి అయితే, గేరులో వదిలి పోయిన రోజున బటన్ నొక్కగానే ముందుకు ఉరుకుతుంది. ఆ క్షణాన ముందు ఎవరున్నారో మూడో అంతస్తులో ఉన్న మీకు తెలియదు. బండి దొంగతనమైతే బీమా కంపెనీ రెండు చాబీలూ తెమ్మంటుంది, అందులో ఒకటి కారుతో పాటే పోయి ఉంటుంది. కంపెనీ ఇవ్వని కారుకు రిమోట్ స్టార్ట్ బిగించుకోవద్దన్నది నా గట్టి అభిప్రాయం.

కంపెనీదైనా పొగ పొగే. షట్టరు దించిన గదిలో ఇంజన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బటన్ స్టార్ట్ కార్లలో ఇంజన్ ఆపడం మరచి, ఇంటి కింది గ్యారేజీలోంచి పొగ పాకి, అమెరికాలో 2006 నుంచి కనీసం 28 మంది చనిపోయారని న్యూయార్క్ టైమ్స్ 2018లో లెక్క తేల్చింది. మన దగ్గర ఇంకో ముప్పు కూడా ఉంది. కోతల కాలంలో రోడ్డు పక్క, కళ్లాల దగ్గర ఎండు వరిగడ్డి మీదే బండ్లు ఆపుతాం. ఇంజన్ నడుస్తున్నప్పుడు అడుగున ఉండే పొగ శుద్ధి డబ్బా వందల డిగ్రీలకు చేరుతుంది. పక్కన మనిషి లేని కారు కింద గడ్డి అంటుకుంటే చూసే దిక్కుండదు.

చట్టం మాట కూడా వినాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 126వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో నిలిపిన వాహనంలో డ్రైవింగు సీట్లో లైసెన్సున్న మనిషైనా ఉండాలి, లేదా ఇంజన్ ఆపి బ్రేకు వేసైనా ఉండాలి. రిమోట్ స్టార్ట్ మన దగ్గరికి రాక ముందు రాసిన వాక్యమే అయినా నేటికీ అమల్లో ఉంది. సొంత ఆవరణలో చేసుకోవచ్చు, బస్టాండు రోడ్డు మీద కుదరదు. రోడ్డు మీదైతే, కారులో ఆ ఏర్పాటుంటే, తాళం తీసే బటన్‌ను నొక్కి పట్టి అద్దాలన్నీ దించండి. వేడి గాలిలో పెద్ద భాగం ఇంధనం ఖర్చు లేకుండానే బయటికి పోతుంది. బ్యాటరీ కార్లలో ఎక్కకముందే ఏసీ వేసుకుంటే పొగ గొడవే లేదు.

ఫోన్ యాప్‌తో స్టార్ట్ చేసే కార్లకు తాళం కారులో లేదు, ఎక్కడో కంపెనీ సర్వర్లో ఉంది. అమెరికాలో భద్రతా పరిశోధకుడు శామ్ కరీ, అతని మిత్రులు 2024లో కియా డీలర్ల వెబ్ పోర్టల్లో లోపం పట్టుకున్నారు. నంబరు ప్లేటు తెలిస్తే చాలు, అర నిమిషంలో ఆ కారు తలుపు తీయడం, ఇంజన్ స్టార్ట్ చేయడం, అది ఎక్కడుందో చూడటం సాధ్యమైంది. వాళ్లు ముందుగా కంపెనీకి చెప్పి, సరిచేశాకే సెప్టెంబరులో లోకానికి వెల్లడించారు. అది అమెరికా కార్ల సంగతి. సూత్రం మాత్రం యాప్ ఉన్న ప్రతి కారుదీ.

హైదరాబాద్ నుంచి పాత కారు కొని తెచ్చుకునేవాళ్లకు ఇందులో ఒక పని ఉంది. రెండు చాబీలూ అడిగి తీసుకోండి. షోరూములో పాత చాబీల నమోదు తుడిపించి మీ చేతిలోని రెండే మళ్లీ నమోదు చేయించండి. పాత యజమాని ఫోన్‌లోని యాప్ నుంచి కారును తీయించండి. కొత్త కారు కొంటుంటే సన్‌రూఫ్ గురించి అడిగాక మూడు ప్రశ్నలు వేయండి: ఈ చాబీ దూరాన్ని అల్ట్రా వైడ్‌బ్యాండ్‌తో కొలుస్తుందా, కదలకుంటే నిద్రపోతుందా, చెయ్యి తగలగానే తెరుచుకునే ఏర్పాటును సెట్టింగుల్లో ఆపుకోవచ్చా? మూడింటికీ లేదనే జవాబు వస్తే కారు కొనండి, అభ్యంతరం లేదు. వీధి తలుపు పక్కనున్న మేకు మాత్రం పీకేయండి.